పాత ఓటర్ల జాబితాలో నాలుగో పేరు

బద్వేలులో మేము కొనబోతున్న పాత ఇంటి రిజిస్ట్రేషన్ సోమవారం. అమ్మే పెద్దాయన తాను తల్లిదండ్రులకు ఒక్కడే సంతానమని చెప్పారు. అయినా మనసు ఊరుకోక, ఈ రోజు తహసీల్దారు ఆఫీసులో అడిగి ఆ వీధి పాత ఓటర్ల జాబితా తిరగేశాను. ఆ ఇంటి నంబరు కింద మొదటి మూడు పేర్లు ఆయనవి, ఆయన తల్లిదండ్రులవి. నాలుగో పేరు దగ్గర ఆగిపోయాను. సుశీలమ్మ, పందొమ్మిదేళ్లు, తండ్రి పేరు అదే.

బయటికొచ్చి ఆ పెద్దాయనకు ఫోన్ చేశాను. "పెదనాయనా, సుశీలమ్మ ఎవరు?"

అరుస్తారేమోనని భయపడ్డాను.

"మా చెల్లెలప్పా. మాకిష్టం లేని పెండ్లి చేసుకున్యాదని మా నాయన ఆయమ్మ పేరే ఎత్తనీలేదు. మైదుకూరులో ఉండాది. ఆ లిస్టులో పేరు ఇంకా ఉండాదా?"

"ఉంది. మీ నాయన ఇల్లు కాబట్టి ఆమెకూ వాటా ఉంటుంది. ఆమె సంతకం లేకుండా నేను కొనలేను."

"ఆ పేజీ ఫోటో పంపప్పా. రేప్పొద్దున నేనే పోయి ఆయమ్మకు చూపిస్తా."

ఫోటో పంపాను. అప్పటి నుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఆమె సంతకం పెడుతుందో, ఇన్నేళ్లకు గుర్తొచ్చానా అని తలుపేసుకుంటుందో తెలియదు. వద్దన్నా వెళ్లి వెతికింది నువ్వే కదా అంటోంది మా ఆవిడ. మీరైతే వెతికేవారా?