భద్రాచలానికి సాక్ష్యం చెప్ప పోయిన

పేపరు లోపలి పేజీల, కింద మూలకు, ఒక చిన్న ప్రకటన పడ్డది. పినపాక అవతలి అడవిల జరిగిన పోలీసు కాల్పుల మీద విచారణ ఉన్నది, కండ్లార చూసినోళ్లు ఎవరన్న ఉంటే పగలు పదకొండు గంటలకు భద్రాచలం వచ్చి చెప్పొచ్చు అని. ఆ కాల్పుల్ల చచ్చింది నా తమ్ముడు ముత్తయ్య. ఇరవై నాలుగేండ్లోడు. మేం కోయోళ్లం. నేను మధిరల టెలిఫోన్ ఆపరేటరును. ఆ పేపరు మడిచి సంచిల పెట్టుకొని మూడు దినాలకు సెలవు రాసిచ్చిన. కారణం అన్నకాడ సొంత పని అని రాస్తే సరిపాయె అన్నడు మా సూపర్వైజరు. "తమ్ముణ్ణి పోలీసులు కాల్చినందుకు సాక్ష్యం చెప్పుటకు" అని రాసిన. ఆయన రెండుసార్లు చదివి సంతకం పెట్టిండు.

ఈ దారి మీకు గూడ పడొచ్చు. పడొద్దనే కోరుకుంట, గని మా దిక్కు కాలం గట్లున్నది. అందుకే ఏ బండి ఎన్ని గంటలకో అన్ని రాస్తున్న. టికెట్టు ధరలు రాయను. మీరు పోయేనాటికి ఎట్లాగు మారుతయి.

మధిరల పొద్దుగాల అయిదు నలభైకి ప్యాసింజరు. ఆ రోజు ఆరు పదికి వచ్చింది. ఖమ్మంల బండి కొంచెం సేపు ఆగుతది, ఇడ్లీ అక్కడనే తినున్రి, తర్వాత మంచిగ దొరకది. డోర్నకల్‌ల దిగి ఇంకో బండి ఎక్కాలె. ఆ బండి ఆఖరి స్టేషన్ పేరు భద్రాచలం రోడ్. పేరు చూసి సంబరపడకున్రి, అది కొత్తగూడెం. భద్రాచలం అక్కడ లేదు, ఇంకా బస్సుల పోవాలె. కొత్తోళ్లందరు ఇక్కడనే మోసపోతరు.

డోర్నకల్‌ల ఎనిమిది యాభైకి బండి కదిలింది. నా ఎదురుంగ ఒక పెద్దమనిషి కూసున్నడు, తెల్ల పంచె, చేతికి ఉంగరాలు. కల్లూరు అవతల వాళ్ల ఊరంట, కొత్తగూడెంల బిడ్డను చూడబోతున్నడు. నా చేతిల పేపరు అడిగి తీసుకొని, ఆ ప్రకటన చదివి నాలుక చప్పరించిండు.

"అడివోళ్లు బాణాలు పట్టుకుని మీదకొస్తే కాల్చక ఏం చేస్తారమ్మా పోలీసులు? వాళ్లకి మాత్రం ప్రాణం తీపి కాదూ?"

నా పాలిస్టర్ చీర, చేతి గడియారం చూసి నన్ను వాళ్ల మనిషే అనుకున్నడు. ఆయనే మాట కలిపిండు. రెండేండ్ల కింద కాలువ నీళ్ల కాడ వాళ్లకు, అవతలోళ్లకు లొల్లి అయిందంట. రెండు దిక్కుల గొడ్డళ్లు లేచినయంట. ఎస్సై అడ్డం వస్తే ఆయన తలే పగిలింది, ఏడు కుట్లు పడ్డయని నవ్వుకుంట చెప్పిండు.

"మరి కాల్చలేదా పెద్దయ్యా?" అని అడిగిన.

"మమ్మల్నా? మమ్మల్నెందుకు కాలుస్తారమ్మా?" అన్నడు. నిజంగనే అర్థం కానట్టు నా దిక్కు చూసిండు. "రాజీ చేసుకున్నాం. ఎస్సైగారు ఆ తర్వాత మా ఇంట్లోనే భోంచేశారు."

అప్పుడు చెప్పిన, నేను కోయదాన్ననీ, ఆ పేపర్ల చచ్చినోడు నా తమ్ముడనీ. ఆయన పేపరు మడిచి నా ఒళ్లె పెట్టిండు. కారేపల్లి దాటేదాక కిటికీలకెల్లి బయటకే చూసిండు. దిగబోయే ముందు మాత్రం, "సర్కారు ఉద్యోగం ఉంది నీకు, ఈ గొడవలో ఎందుకమ్మా" అన్నడు. మంచికే అన్నడు. నాకు ఒళ్లు మండింది.

పదకొండు అయిదుకు దిగిన. భద్రాచలం బస్సు పన్నెండింటికి దొరికింది, డ్రైవరు వెనక సీటు. పాల్వంచ దాటినంక రెండు దిక్కుల అడవి పడుతది. ఆ అడవి చూసుకుంట పోతుంటే ఆ రోజంత మళ్ల కండ్లల్ల తిరిగింది, మీకు గూడ చెప్త.

వానలకు ముందు మాకు విత్తనాల పండుగ అయితది. ఆ పండుగ కానిది ఎవ్వరు గింజ నేలల వెయ్యరు. మగోళ్లు పొద్దున్నే విల్లులు పట్టుకొని వేటకు పోతరు. ఆడోళ్లం కుండల పేడనీళ్లు కలుపుకొని ఊరి అంచున కాపు కాస్తం. కుందేలో, అడవికోడో తెచ్చినోడు దర్జాగ ఊళ్లెకు వస్తడు. వట్టి చేతులతోటి వచ్చినోని నెత్తి మీద కుండ బోర్లిస్తం. మొగుడైనా, మామైనా విడిచేది లేదు. ఏడాదిల మాకు అంత నవ్వు ఇంకో రోజు ఉండది.

ఆ రోజు పండుగకని నేను ఊళ్లెనే ఉన్న. తొమ్మిది నలభైకి అడవిల మూడుసార్లు తుపాకి పేలింది. భయపడ్డమా అంటే లేదు. నక్సలైటు అన్నల కోసమని పోలీసులు ఎప్పుడు తిరుగుడే, ఎప్పుడు పేల్చుడే. మా ఆడోళ్లు పకపక నవ్విన్రు. ఆ చప్పుడుకు కుందేళ్లన్ని పారిపోయి ఉంటయి, ఇయాల ఒక్క మగోడు గూడ ఏం తేడు, అందరికి స్నానమే అన్నరు. అప్పుడు కలిపినం పేడనీళ్లు. నా మరదలు కన్నమ్మ, ముత్తయ్య పెండ్లం, అందరికంటే పెద్ద కుండ ఎత్తుకున్నది. పాట పాడుకుంట అడవి అంచుకు చేరేసరికి పది పదిహేను.

చెట్ల నడుమకెల్లి ముందుగాల వచ్చింది మా మగోళ్లు కాదు, పోలీసులు. నలుగురు కలిసి ఒక కర్రకు కట్టుకొని తెస్తున్నరు. మేం వేట దెబ్బకు పడ్డ జంతువును తెచ్చినట్టే తెచ్చిన్రు నా తమ్ముణ్ణి. కన్నమ్మ కాళ్లు చూసి గుర్తుపట్టింది. చేతిల కుండ అట్లనే ముందు నడిచే పోలీసాయన మొఖాన కొట్టింది. మిగిలినోళ్లు గూడ కొట్టిన్రు. నేను గూడ కొట్టిన.

పోలీసుల కాగితంల కథ తిరగబడ్డది. ఆడోళ్ల గుంపు కుండలతోటి ముందుగాల మీద పడ్డదంట, వెనకకెల్లి మగోళ్లు బాణాలు వేసిన్రంట, ప్రాణం కాపాడుకుందామని కాల్చిన్రంట. ఏది ముందు, ఏది వెనక అన్నదే ఇక మొత్తం సంగతి. గడియారం చూసింది నేనొక్కదాన్నే. అందుకే పోయిన.

ఒకటిన్నరకు బస్సు గోదావరి బ్రిడ్జి ఎక్కింది. నీళ్లు ఎర్రగ, నిండుగ వస్తున్నయి. కన్నమ్మ మా ఊరికెల్లి వచ్చి బస్టాండుల కూసున్నది, ఒళ్లె జొన్నరొట్టె మూట. ఇద్దరం ఒక సత్రంల గది తీసుకున్నం. సత్రంల పేర్లు రాసుకునేటాయన ఏ పని మీద వచ్చిన్రని అడిగితే చెప్పిన. గది లేదంటడేమో అనుకున్న. "పై గది తీసుకో బిడ్డా, గాలి వస్తది" అన్నడు. అట్లాంటోళ్లు గూడ ఉంటరు.

తెల్లారి పదకొండింటికి విచారణకు పోతే ఆఫీసరు పన్నెండున్నరకు వచ్చిండు. ఒక బల్ల, ఒక ముసలి టైపిస్టు, గోడ పొంటి నలుగురు పోలీసులు. ముందు కన్నమ్మను పిలిచిన్రు. ఆమెకు తెలుగు సరిగ రాదు. కోయ మాట తెలిసినోడని ఒకాయనను పక్కన నిలబెట్టిన్రు. సివిల్ బట్టలే గని కాళ్లకు పోలీసు బూట్లు. కన్నమ్మ ఆగకుండ చానసేపు చెప్పింది. చప్పుడు, నవ్వు, కుండ, కాళ్లు, ఏది విడువలే. ఆయన ఆఫీసరు దిక్కు తిరిగి, "తనకేం తెల్వదంటున్నది సార్" అన్నడు.

నేను లేచి నిలబడ్డ. "అబద్ధం చెప్తున్నడు సార్. ఆ మాటలు నాకు తెలుసు, అవి నా అమ్మ మాటలు" అన్న. గోడ పొంటి ఒకడు కూసో అన్నడు. కూసోలే. ఆఫీసరు కొంచెంసేపు పెన్ను తిప్పి, నన్నే తెలుగుల చెప్పమన్నడు. ఒక్కో మాట చెప్పిన. టైపిస్టు టకటక కొట్టిండు.

తర్వాత నా వంతు. "తొమ్మిది నలభై అని అంత ఖచ్చితంగా ఎలా చెప్పగలరు?" అన్నడు ఆఫీసరు.

"ట్రంకు కాల్ ఎన్నింటికి కలిసింది, ఎన్నింటికి తెగింది రాసుడే నా పని సార్. ఏ చప్పుడు విన్నా చేతి గడియారం చూసుకుంట" అన్న. టైపిస్టు తల ఎత్తి నన్ను చూసిండు. ఆ ముక్క టైపు అయింది. కుండలు లేచింది కాల్పుల తర్వాత ముప్పై అయిదు నిమిషాలకని గూడ అయింది.

"ఇంకేమైనా ఉందా?" అన్నడు.

ఉన్నదన్న. కల్లూరు పెద్దమనిషి సంగతి చెప్పిన. గొడ్డలి పట్టి ఎస్సై తల పగలగొట్టినోళ్ల మీద ఒక్క తూటా పేలలే, పండుగకు కుందేలు కోసం బాణం పట్టినోణ్ణి ఎందుకు చంపిన్రు అన్న. ఆఫీసరు టైపిస్టుకు చెయ్యి అడ్డం పెట్టిండు. "అది ఈ విచారణ పరిధిలోకి రాదమ్మా. విన్న మాట. ఆయన పేరు కూడా మీకు తెలీదు."

"సరే సార్, సాక్ష్యం కాదు. నా ప్రశ్న అని రాయున్రి."

"ప్రశ్నలు అడగాల్సింది నేను."

"మీరు అడుగుతలేరు గదా సార్."

ఆఫీసరు కాగితాలు నా ముందుకు జరిపి సంతకం పెట్టమన్నడు. ఆ ప్రశ్న రాయనిది పెట్టనన్న. మీరు ప్రభుత్వ ఉద్యోగి, గుర్తుంచుకోండి అన్నడు. గుర్తుంది సార్, అందుకే టైము కరెక్టుగ చెప్పిన అన్న. కన్నమ్మ నా పక్కన, బల్ల చాటున నా చీర కొంగు పట్టుకొని కూసున్నది. రెండు దాటింది, మూడు దాటింది. మధ్యల ఆయన అన్నానికి పోయొచ్చిండు. మేం కదలలే. నాలుగు ఇరవైకి బయట జీపు స్టార్టు అయింది. ఆయన కాగితం నా దిక్కు తోసి, "మీ చేత్తో మీరే రాసుకోండి, నాకు టైమైంది" అన్నడు.

రాసిన. "కాలువ కాడ గొడ్డలి పట్టినోళ్లతోటి రాజీ చేసుకున్న పోలీసులు, అడవిల బాణం పట్టినోనికి రాజీ మాట ఎందుకు చెప్పలేదు? వాడు కోయోడు కాకుంటే కాల్చేటోళ్లా?" దాని కిందనే, నడుమ గీత జాగ గూడ విడువకుండ, సంతకం పెట్టిన. మీరు పోయినప్పుడు గూడ జాగ విడువకున్రి, నడుమ ఇంకేదన్న రాసి ఇరికిస్తరు. ఆ ఫైలు ఎవలు మూసెయ్యాలన్నా, ముందు ఆ ప్రశ్న చదివే మూసెయ్యాలె.

తెల్లారి ఏడింటికి బస్టాండుల కన్నమ్మను ఎక్కించిన. వచ్చే ఏడు వేట బందు చేసుకోమని పోలీసులు ఊళ్లె చెప్పిపోయిన్రంట. "నువ్వేమన్నవే?" అని అడిగిన. "పండుగ మాది, మిమ్ముల అడిగి చేస్తున్నమా అని అన్న, వదినె" అన్నది. బస్సు పోయేదాక నిలబడి, నా బస్సు ఎక్కిన.

కొత్తగూడెంల పగటి ప్యాసింజరు దొరికింది. పెట్టె నిండ యాత్రకు పోయొచ్చిన జనం, మొఖాల మీద కుంకుమ, చేతుల్ల ప్రసాదం పొట్లాలు. పక్కన కూసున్నామె నా చేతిల ఇంత ప్రసాదం పెట్టి, "దర్శనం మంచిగైందా అక్కా?" అని అడిగింది.

"దర్శనానికి పోలేదు చెల్లె. నా తమ్ముణ్ణి పోలీసులు కాల్చి చంపిన్రు. సాక్ష్యం చెప్పొస్తున్న" అన్న. ఆమె నోరు తెరుచుకొని నా దిక్కు చూసింది. ఎట్లైంది అక్కా అన్నది. పండుగకాడికెల్లి మొదలుపెట్టిన. తొమ్మిది నలభైకి వచ్చేసరికి ఆమె మొగడు ముందుకు వంగి, మెల్లగ అన్నడు, "గిసొంటివి రైల్ల చెప్పకమ్మా. ఎవలన్న వింటరు."

"వినాల్నే చెప్తున్న తమ్మీ" అన్న. గొంతు ఇంకింత పెంచి, డోర్నకల్ వచ్చేదాక చెప్పిన.