ఐదేళ్లకో కాలు

సర్కారు ఆసుపత్రి వెనక రేకుల గదిలో ఇరవై రెండేళ్లుగా కాలు పోయినవాళ్లకి పెట్టుడు కాళ్లు చేస్తున్నాడాయన. ప్లాస్టర్‌తో అచ్చు తీస్తాడు, వేడి ప్లాస్టిక్ చుడతాడు, ఆకురాయితో నున్నగా రుద్దుతాడు. అందరూ కాళ్ల మేస్త్రీ అంటారు. కోపం ముక్కు మీదే ఉంటుంది. అచ్చు ఆరకముందే కదిలినవాళ్లకి తలంటి పోస్తాడు. కానీ ఆయన చేసిన కాలు తొడుక్కుని పుండు పడ్డవాళ్లు లేరు.

ఎవరికైనా కాలు ఉచితమే. కాకపోతే ఐదేళ్లకొకటి. ఆ లెక్క వేసిన మహానుభావుడెవరో గానీ, పిల్లలు పెరుగుతారన్న ఇంగితం లేదు. బట్టలు కుట్టే ఒకామె కూతురికి తొమ్మిదేళ్లు. నిరుడిచ్చిన కాలు అప్పుడే పొట్టిదైపోయింది. కుంటి కుంటి పిల్లకి నడుము వంకర పోతోంది. మేస్త్రీ అడుగున చెక్క బిగించి చూశాడు. పైన బిగుతై తొడ ఒరుసుకుపోయింది.

ఆయన నేరుగా కాళ్లు మంజూరు చేసే ఆఫీసరు గదిలోకి దూసుకెళ్లాడు.

"పిల్ల పెరిగింది సార్. పెరగొద్దని చెప్పమంటారా?"

ఆఫీసరు అరవలేదు. అరిచినా బాగుండేది. నూట ఇరవై పేర్ల జాబితా ముందుకు తోశాడు.

"ఈ ఏడాదికి వచ్చిన డబ్బు ఇంతకే సరి. పన్ను పెంచుతామంటే ఊరంతా రోడ్డెక్కింది. నువ్వూ ఎక్కావుగా! సరే, ఆ పిల్లకిద్దాం. ఎవరిది ఆపాలో నువ్వే చెప్పు."

మేస్త్రీకి ఒళ్లు మండింది. తిట్టిపోద్దామంటే ఆ మాటలో తప్పు దొరకలేదు. దాంతో ఇంకా మండింది. పెన్ను లాక్కుని ఒక పేరు కొట్టేశాడు. ఆ పేరు ఒక ముసలి వాచ్‌మన్‌ది. కుర్చీలో కూర్చునే ఉద్యోగమే కదా, ఏడాది ఆగితే ఏం కొంపలు మునగవులే అనుకున్నాడు.

నెల తిరగకుండా పిల్ల కొత్త కాలు తొడుక్కుని గదంతా గెంతింది. ఆ మర్నాడే వాచ్‌మన్ వచ్చాడు. పాత కాలు పగిలితే తీగ చుట్టుకున్నాడు.

"మేస్త్రీ, నా వంతొచ్చిందిగా?"

"వచ్చే ఏడాది రా, పెద్దాయనా."

"ఏడాదా! గంటకోసారి నాలుగంతస్తులూ ఎక్కి తాళాలు చూడాలయ్యా. చూడకపోతే పనిలోంచి తీసేస్తారు. నా పేరు ఎవరు తీసేశారు?"

"ఇంకెవరు? సర్కారు!" అని మేస్త్రీ గది అదిరిపోయేలా అరిచాడు.

ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. "నువ్వేం చేస్తావులే, పాపం. ఆ పేరు కొట్టేసినోడి చెయ్యి పడిపోను!"

"పడిపోను!" అన్నాడు మేస్త్రీ, అంతకంటే గట్టిగా.