పాస్టరమ్మ తూచని నాలుగు మూలలు

ఆ తూకాల ప్రయోగశాలలో ఆమెను అందరూ పాస్టరమ్మ అంటారు. భోజనానికి ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటుందని పెట్టిన పేరది. చదివింది భౌతికశాస్త్రం. ఊళ్లో త్రాసులు సరిగ్గా తూగుతున్నాయో లేదో పరీక్షించడం ఆమె పని. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. ఇంట్లో ఏడాది నిండని కూతురు.

ఆమె పైఅధికారికీ ఒక పేరుంది. ఎవరేం చెప్పినా "రుజువేది?" అంటాడు కనుక ఆయన రుజువు మాస్టారు. ఆ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీస్తూనే మొదలుపెట్టాడు.

"ఏమ్మా పాస్టరమ్మా, మీ పరిశుద్ధాత్మను ఒకసారి మన త్రాసు పళ్లెంలో పెట్టరాదూ? చీమ కాలు బరువు కూడా చూపిస్తుంది."

మామూలు రోజైతే నవ్వి ఊరుకునేది. ఆ రోజు మనసు మనసులో లేదు.

"ఆత్మంటే ఒక రకం శక్తి అనుకోండి మాస్టారూ, కరెంటులాగా..."

"శక్తయితే ఎన్ని జౌల్స్?"

ఆయన అడిగింది న్యాయమే. తాను నమ్మేది అది కాదని తెలిసీ, ఆయన ముందు చులకనవుతానని ఆమె తన నమ్మకానికి సైన్సు చొక్కా తొడిగింది. పొద్దున ఆడిన అబద్ధం చాలదన్నట్టు ఇదొకటి.

పొద్దున పిల్లల ఆసుపత్రిలో పసికందుల త్రాసు పరీక్షిస్తుంటే భర్త ఫోన్ చేశాడు. పాపకు ఒళ్లు కాలిపోతోందన్నాడు. తూకపు దిమ్మను పళ్లెం మధ్యలో పెట్టి చూశాక నాలుగు మూలల్లోనూ పెట్టి చూడాలి. పసిపిల్లలు మధ్యలో కుదురుగా పడుకోరు కదా. ఆమె మధ్యలో మాత్రం చూసి, అన్నీ చూసినట్టు సంతకం చేసి, త్రాసు సరిగ్గా ఉందన్న స్టిక్కర్ అంటించి ఇంటికి పరుగెత్తింది. పాప జ్వరం తగ్గాక మళ్లీ పనిలోకి వచ్చింది. కానీ బరువును బట్టి పాపకు మందు కొలిచి పోసినప్పటి నుంచి ఆసుపత్రి త్రాసే గుర్తొస్తోంది. అక్కడి పిల్లలకు మందు కొలిచేది ఆ త్రాసును నమ్మే.

డబ్బా మూసేసి మాస్టారికి జరిగింది చెప్పేసింది.

"తలకాయుందా నీకు?" అంటూ ఆయన దిమ్మల పెట్టె అందుకున్నాడు. "నడు."

ఆసుపత్రిలో ఒక్కో మూలా చూశారు. అన్నీ సరిగ్గానే తూగాయి. మాస్టారు ఊపిరి పీల్చుకున్నాడు.

"బతికిపోయావు. ఇక నోరు మెదపకు, ఉద్యోగం ఊడుతుంది. నీ మెదడు భయపడి గంట కొట్టింది, అంతే. దానికి ఆత్మెందుకు?"

"గంట కొట్టింది మెదడేనేమో, కాదనను. భయం కూడా పోయింది మాస్టారూ. ఎవరికీ ఏం కాలేదు, నన్నెవరూ పట్టుకోరు. అయినా నన్ను వదలట్లేదు."

"ఏంటి వదలనిది?"

"ఇందాక శక్తి అని తప్పు చెప్పాను. శక్తయితే నేను వాడుకునేదాన్ని. ఇది నన్ను అడుగుతోంది. బెదిరించట్లేదు. రా, నిజం చెప్పు, నేను తోడున్నాను అంటోంది. మేం ఆత్మ అని పిలిచేది వస్తువును కాదు, అలా దగ్గరికొచ్చి మాట్లాడే దేవుణ్ణే."

"మనస్సాక్షి అంటే సరిపోదూ?"

"మనస్సాక్షి నాదేగా. దాన్ని చాలాసార్లు జోకొట్టి పడుకోబెట్టాను. ఈయన పడుకోవట్లేదు."

"ఇది రుజువు కాదమ్మాయ్."

"కాదు. అడిగారు కాబట్టి ఈసారైనా ఉన్నదున్నట్టు చెప్పాను."

ఆమె తమ డైరెక్టరుకు చెప్పేద్దామని ఫోన్ తీసింది. రేపు చెప్పొచ్చుగా అని మాస్టారు సైగ చేశాడు. రేపటికి ధైర్యం మిగలదని ఆమెకు తెలుసు.

"సార్, పొద్దున చెయ్యని పరీక్ష చేసినట్టు సంతకం పెట్టాను."

అవతల డైరెక్టరు "ఇదొక్కటేనా?" అన్నాడు.

మాస్టారు పెట్టె మూత పట్టుకుని ఆమె వంక చూస్తున్నాడు. ఆమె గోడకు ఆనుకుంది.

"కాదు సార్. అలా సంతకం పెట్టిన త్రాసులు ఇంకో రెండున్నాయి. ఎక్కడో చెప్తాను."