ఒసాకాలో ఎంగిలి

చెన్నైలో మా మేనత్త ఇంట్లో మంచినీళ్ల చెంబు పెదవికి తాకిందంటే తిట్లు తప్పవు. అలాంటి మనిషిని ఒసాకాలో ఒక చిన్న వేపుళ్ల కొట్టుకు తీసుకెళ్లాను. పుల్లకు గుచ్చి వేయించిన రొయ్యల్ని అందరూ ఒకే గిన్నెలోని సాసులో ముంచుతున్నారు. అది చూసి అత్త తన పుల్ల ముట్టుకోలేదు. నేను సగం కొరికి, మిగతాది మళ్లీ ముంచబోయాను. కొట్టు పెద్దాయన గట్టిగా అరిచి గిన్నెకు చెయ్యి అడ్డం పెట్టాడు. అందరూ తినడం ఆపి నన్నే చూశారు. ఏం తప్పు చేశానో తెలియక అత్త వైపు చూశాను.

"కొరికింది ముంచితే ఎంగిలి గాదా? అందుకే అరస్తా ఉండాడు," అంది అత్త. "ఈడా పట్టింపు ఉందిరా. ఇంక ధైర్యంగా తినొచ్చు."

లేచి ఆయనకు నమస్కారం పెట్టి, తన రొయ్యను నిండా ముంచింది, ఒక్కసారే.