ఇప్పుడే చెప్పలేని ఆనందరావు సార్

మా ఆనందరావు సార్ ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. "సార్, టైమెంతయింది?" అని అడిగి చూడండి. చేతి గడియారం చూస్తారు. దాన్ని చెవి దగ్గర పెట్టుకుంటారు. గోడ గడియారంతో పోల్చి చూస్తారు. చివరికి "ఇప్పుడే చెప్పలేం" అంటారు. ఈలోగా బెల్లు మోగుతుంది కాబట్టి అడిగినవాడికి టైము ఎలాగూ తెలిసిపోతుంది.

హనుమకొండలో మేం పనిచేసే డిగ్రీ కాలేజీలో ఆయన జువాలజీ, నేను బోటనీ. ఏళ్ల తరబడి పక్కపక్క టేబుళ్లు. నా టేబుల్ మీద పుస్తకాలుంటాయి. ఆయన టేబుల్ మీద హోమియో మాత్రల సీసాలుంటాయి. ఒక్కో సీసాలో బతికున్న సాలీడు ఒకటి. ప్రతి సీసాకూ ఓ చీటీ: ఎక్కడ దొరికింది, ఏ రోజు దొరికింది, కింద "పేరు: తర్వాత". ఆ సీసాల మధ్యలోనే నా టిఫిన్ డబ్బా. దాని మూత మీద నాలుగుసార్లు తట్టకుండా నేను ఇంతవరకు ఒక్క ముద్ద తిన్న పాపాన పోలేదు.

ఆయన జబ్బుకు మూలం ఈ సాలీళ్లే. సాలీడు పిల్లగా ఉన్నప్పుడు అది ఏ జాతిదో తేల్చడం కష్టమట. రెండు వేరు వేరు జాతుల పిల్లలు అచ్చం అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. చివరి కుబుసం విడిచి పెద్దదయ్యాకే అసలు గుర్తులు బయటపడతాయి. ఆడదానికైతే పొట్ట కింద, మగదానికైతే మూతి దగ్గరి బుల్లి చేతుల చివర. వాటిని మైక్రోస్కోపులో చూసి అప్పుడు పేరు చెప్పాలి. అంతవరకు ఈగలు వేసి పెంచుతూ కూర్చోవాలి.

"తొందరపడి పేరు పెట్టినమనుకో సుకన్యమ్మా, ఒక్కపారి అచ్చయిందంటే ఇగ పోదు. తప్పని తేలినా పుస్తకాల్ల ఉంటనే ఉంటది. పెట్టుడు ఒక్క నిమిషం. తీసుడు ఎవ్వల తరం కాదు" అంటారు.

సరే, బాగానే ఉంది. సాలీళ్లకు పెట్టిన ఆ నియమాన్ని అక్కడితో ఆపితే ఆయన ఆనందరావు సార్ ఎందుకవుతారు? లోకం మొత్తానికి అంటగట్టారు. చాయ్ ఎట్లుందంటే "ఇంక సగమే తాగిన" అంటారు. ఇంటర్వెల్లో సినిమా ఎట్లుందంటే "ఇంక పెద్దగ కాలే" అంటారు. ఓసారి సుబేదారి వెళ్దామని చౌరస్తాలో ఆటో ఎక్కాం. "సుబేదారేనా సార్?" అని ఆటో అతను అడిగితే, ఈయన ఆలోచనలో పడ్డారు. నేను "పోనీ అన్నా, సుబేదారే" అని గట్టిగా అనకపోతే ఆ ఆటో ఇవాళ్టికీ అక్కడే ఉండేది.

ఆయన భార్య కృపమ్మగారిని కదిలిస్తే చాలు, ఇట్లాంటివి గంపెడు చెప్తారు.

"మా బిడ్డ బాప్తిస్మం నాడు ఏమైందో ఎరికేనా సుకన్యా? అయ్యగారు నీళ్లు చేతుల వట్టుకొని, పాప పేరేందని అడిగిండు. ఈయన, ఇప్పుడే చెప్పలేం అయ్యగారూ, ఇంక పెద్దగ కాలే అన్నడు! చర్చి చర్చంతా నవ్వింది. ఎన్క నుంచి నేనే రెబెకా అని అరిచిన. లేకుంటే నా బిడ్డ పేరు ఇయ్యాల్టికి 'తర్వాత' అనే ఉంటుండె!"

ప్రాక్టికల్ పరీక్షలో స్పాటింగ్ అని ఒకటుంటుంది. టేబుల్ మీద వరసగా జీవులను పెడతారు, పిల్లలు చూసి పేర్లు రాయాలి. ఒక ఏడు సార్ అందులో ఓ సాలీడు పిల్లను పెట్టారు. ఎవడో ఏమీ రాక, "ఇప్పుడే చెప్పలేం" అని రాశాడు. సార్ పొంగిపోయి నిండా మార్కులు వేశారు. ఇంకేముంది, మరుసటి ఏడు క్లాసంతా అన్నిటికీ అదే రాసింది. కప్పకూ అదే, బొద్దింకకూ అదే. సార్ ఎవరినీ తిట్టలేదు. పోయి ఆ కప్ప పెద్దదేనా అని మళ్లీ ఓసారి చూసి వచ్చారు.

ఆ స్పాటింగ్ పరీక్షలోనే ఓ ఏడు సౌమ్య దొరికిపోయింది. ఫైనల్ ఇయర్ పిల్ల. తల్లి బక్కమ్మ మార్కెట్లో కూరగాయలు అమ్మి చదివిస్తోంది. ఆ పిల్ల పెన్ను మూతలో సన్నగా చుట్టిన చిట్టీ. అందులో చీమ తలకాయంత అక్షరాలతో సాలీళ్ల కుటుంబాల పేర్లన్నీ ఉన్నాయి. పట్టుకున్నది ఎవరో కాదు, సాక్షాత్తూ ప్రిన్సిపాల్ రాయమల్లుగారు.

రాయమల్లుగారు మా సార్‌కి పూర్తిగా తలకిందులు. మనిషి గేటు దాటక ముందే పేరు పెట్టేస్తారు. ఒకడు సోమరి, ఒకడు లొల్లిమనిషి, నేను ఆకుల మేడం. సౌమ్యకు ఆ రోజే పేరు పడిపోయింది: చిట్టీ దొంగ.

తెల్లారి సౌమ్యతో పాటు సార్‌నీ, నన్నూ ప్రిన్సిపాల్ గదికి పిలిపించారు. బక్కమ్మ చేతులు తుడుచుకుంటూ అక్కడికి పరుగెత్తుకొచ్చింది.

"నా బిడ్డ దొంగతనం చేసిందా సారూ?"

"కాపీ కొట్టుడంటే దొంగతనమే. టీసీ ఇచ్చి పంపుత. లేకుంటే కాలేజీ పేరు ఖరాబైతది."

"టీసీ ఇస్తే ఇగ సదువుడు ఉండదు సారూ. రేపటి సంది నా ఎంబడి మార్కెట్‌కే. దాని సదువు కోసమే గద నేను గింత పడుతున్న!"

సౌమ్య తల ఎత్తలేదు. పెద్ద పరీక్షలు రెండు నెలల్లో ఉన్నాయి. ఇప్పుడు టీసీ ఇస్తే అన్నీ పోయినట్టే. రాయమల్లుగారు మా సార్ వైపు తిరిగారు.

"పరీక్ష మీది. కాపీ కొట్టిందని రెండు ముక్కలు రాసియ్యుండ్రి. నేను సంతకం వెడ్త."

సార్ చిట్టీ తీసుకున్నారు. కిటికీ దగ్గరికి వెళ్లి వెలుతురుకు పట్టారు. జేబులోంచి భూతద్దం తీశారు. ముందు వైపు చూశారు, వెనక వైపు చూశారు, అంచులు చూశారు. నాకైతే ఆ భూతద్దం లాక్కుని బయట పారేయాలన్నంత కోపం వచ్చింది. ఒక పిల్ల బతుకు వేలాడుతుంటే ఈయన చోద్యమేంటి!

"ఇప్పుడే చెప్పలేం సార్."

"ఏంది చెప్పలేంది? చిట్టీ కనవడ్తలేదా?"

"చిట్టీ కనవడ్తాంది సార్. చూసి రాసిందా, ఉత్తగనే పెట్టుకున్నదా, అది తేలాలె. కేసు ఇంక పెద్దగ కాలే."

బక్కమ్మ ఊపిరి పీల్చుకుంది. అంత పెద్ద గదిలో ఆమె కూతుర్ని దొంగ అనని మనిషి ఒకరైనా కనిపించారు.

వారం తిరిగేసరికి రాయమల్లుగారు రిపోర్టు కోసం నిప్పులు కక్కుతూ మా గదికి వచ్చారు. టేబుల్ మీద కొత్త సీసా ఉంది. లోపల పసుపు చారల సాలీడు, మోటారు గది గోడ మీద దొరికింది.

"ఇదేంది, ఎన్నడు చూడలే. కొత్త జాతా?"

"ఇప్పుడే చెప్పలేం సార్."

రాయమల్లుగారి చెవికి అది అవునన్నట్టే వినిపించింది. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"కొత్తదైతే ఎవ్వల పేరు పెడ్తరు?"

"పెట్టెటోని ఇష్టం సార్. మనుషుల పేరు గూడ పెట్టొచ్చు."

"మాట వరసకు... రాయమల్లు అని పెడ్తే?"

"చివర్ల ఇకారం తగిలిచ్చి, రాయమల్లుయి అంటరు."

"రాయమల్లుయి" అని రాయమల్లుగారు మెల్లగా అనుకున్నారు. మరోసారి గట్టిగా అన్నారు. రిపోర్టు మాట మర్చిపోయి వెళ్లిపోయారు.

అప్పటినుంచి రోజూ ఇదే తంతు. "రిపోర్టు ఎంతవరకొచ్చింది?" "ఇప్పుడే చెప్పలేం." "మరి సాలీడు?" "ఇప్పుడే చెప్పలేం." కొన్నాళ్లకు మొదటి ప్రశ్న మానేసి రెండోదే అడగడం మొదలుపెట్టారు. అంతటితో ఆగితే బాగుండేది. ఓ రోజు ఏదో సంతకానికి ఆయన గదికి వెళ్తే, ప్రిన్సిపాల్‌గారు గ్లాసు బోర్లించి పట్టుకుని గోడ వెంట పిల్లిలా నడుస్తున్నారు.

"ఆగు మేడం, ఈగ! జర తలుపెయ్యి, పోతాంది!"

సౌమ్య మీద మాత్రం సార్ విచారణ మొదలుపెట్టారు. రోజూ క్లాసులయ్యాక వచ్చి ఆ సీసాలన్నీ వేరు చేయాలి. దేనికి ఎన్ని కళ్లు, ఏ వరసలో ఉన్నాయి, గూడు అల్లేదా, దూకి పట్టేదా, చూసి కుటుంబాల వారీగా సర్దాలి. సర్దాక సార్ అన్నీ కలిపేసి, మళ్లీ సర్దమనేవారు. పాపం, ఇంత శిక్ష ఎందుకనుకున్నాను. బక్కమ్మేమో మార్కెట్ నుంచి కుళ్లిన టమాటలు పంపేది, వాటి మీద పుట్టే ఈగలు సాలీళ్లకు మేత. మా గది వాసన గురించి చెప్పకపోవడమే మంచిది. పరీక్షలొచ్చేసరికి ఆ పిల్ల కళ్లు మూసుకుని సాలీళ్ల వంశవృక్షాలు చెప్పే స్థితికి వచ్చింది. పరీక్షలు రాసింది, ఫస్టు క్లాసులో పాసైంది.

ఫలితాలు వచ్చిన వారానికి పసుపు చారలది చివరి కుబుసం విడిచింది. రాయమల్లుగారు మిఠాయి డబ్బాతో హాజరు. సార్ మైక్రోస్కోపులో చాలాసేపు చూశారు.

"పాత జాతే సార్. ఎవ్వలో ఎప్పుడో పేరు పెట్టిన్రు. ముందు పెట్టిన పేరే చెల్లుతది."

రాయమల్లుగారు డబ్బా అక్కడే వదిలేసి వెళ్లారు. ఆయన వెనకాల తలుపు పడగానే నేను సార్‌ని పట్టుకున్నాను.

"నిజం చెప్పుండ్రి సార్. పాతదని మీకెప్పుడు తెలిసింది?"

సార్ తలుపు వైపు ఒకసారి చూసి, మిఠాయి ముక్క తుంచుకున్నారు. "దొరికిన నాడే. చారలు చూస్తనే తెల్వదా? మా బాత్‌రూంల గిసోంటియి నాలుగున్నయ్."

"మరి చిట్టీ?"

"అదీ గంతే. చూసే రాసింది. చిట్టీల రెండు స్పెల్లింగులు తప్పున్నయ్, పేపర్ల గూడ గవ్వే దించింది."

"మరి..."

"నేను రెండు ముక్కలు రాస్తే దొంగ అని పేరు పడిపోతుండె సుకన్యమ్మా. చిన్న పిల్ల. ఇంక ఎన్ని కుబుసాలు ఇడువాలె?"

ఇంతకాలం ఈ మనిషికి ఏదీ తేల్చడం చేతకాదని నవ్వుకున్నాను. చూడగానే అన్నీ తేలిపోయే మనిషి నోరు కట్టుకుని కూర్చున్నాడని నాకేం తెలుసు!

సౌమ్య ఇప్పుడు యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ఈ మధ్య నిజంగానే ఎవరూ పేరు పెట్టని సాలీడు ఆమెకు దొరికింది. ఆడదీ, మగదీ, రెండూ పెద్దవే. సీసాలు తెచ్చి సార్ ముందు పెట్టి, "మీ పేరు పెడ్త సార్" అంది.

"నా పేరొద్దు బిడ్డా. రాయమల్లు సార్ పేరు పెట్టు. పాపం, ఎండకాలమంతా ఈగలు పట్టిండు."

సౌమ్య పకపకా నవ్వింది. అన్నట్టే పెట్టింది. వ్యాసం అచ్చయ్యాక ఆ పత్రిక తీసుకెళ్లి మేమిద్దరం రాయమల్లుగారి ముందు పరిచాం. ఆయన కళ్లజోడు సవరించుకున్నారు.

"రాయమల్లుయి! ఇది పర్మనెంటేనా?"

"పర్మనెంటే సార్" అన్నాను నేను.

"ఎవ్వలు పెట్టిన్రు?"

"సౌమ్య, సార్" అని నేనే చెప్పాను.

"ఏ సౌమ్య? అగో, ఆ చిట్టీ దొంగనా?"

ఆనందరావు సార్ ఒక ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పడం నేను చూసింది అప్పుడొక్కసారే.

"కాదు సార్. ఆ పేరు ఎక్కడ అచ్చు కాలే. చెల్లది."

రాయమల్లుగారు మళ్లీ పత్రిక మీదికి వంగారు. తన పేరు మీద వేలు పెట్టి, అక్కడినుంచి ఆ పేరు పెట్టిన పిల్ల పేరు దాకా మెల్లగా జరిపారు. "ఔ... సౌమ్య" అన్నారు. "రేపు పిలువుండ్రి. అమ్మను గూడ తీస్కరమ్మనుండ్రి. శాలువా కప్పుదాం."

మేం లేచాం. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి పిలిచారు.

"ఆనందరావుగారూ, ఒక్క మాట. ఈ రాయమల్లుయి మంచిదేనా? కరుస్తదా?"

సార్ ఆగారు. జేబులోంచి భూతద్దం తీశారు. రాయమల్లుగారిని ఆపాదమస్తకం చూశారు.

"ఇప్పుడే చెప్పలేం సార్."