కళ్ళు మూసుకుని చూసిన ప్రివ్యూ

తమిళనాడులోని తిరువళ్ళూరు ఆఫీసులో మాకు సీనియర్‌గా ఒక అక్క ఉండేది. తిరుత్తణి నుంచి రైల్లో వచ్చేది. గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలకు మేం చేసిచ్చే సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో అక్కడి తెలుగు ఆపరేటర్లకు చెప్పే పేజీలన్నీ ఆవిడవే. పేజీ ఆన్‌లైన్‌లో పెట్టేముందు తన కంప్యూటర్లో బిల్డ్ చేసి, అంటే రాసినదాన్ని పేజీగా తయారుచేసి, ప్రివ్యూ తెరిచి నన్ను పిలిచేది.

"నువ్వు సదువు తమ్ముడూ, నేను వింటా."

కళ్ళు మూసుకుని వినేది. మాట ఎక్కడైనా ఎబ్బెట్టుగా తగిలితే చటుక్కున చెయ్యెత్తేది. "మన ఆపరేటర్లు ఇట్ల మాట్లాడరు." అది ఆవిడ పనితనమనుకుని, నా ఇంగ్లీషు పేజీలు కూడా పైకి చదువుకోవడం అలవాటు చేసుకున్నాను.

ఒకరోజు నా రైలు ఆలస్యమైంది. నేను వెళ్ళేసరికి ఆవిడ ప్రివ్యూ ముందు కూర్చుని ఉంది.

"అంతా బాగానే వచ్చినాది. ఎక్కించేస్తా ఉండా."

తెర చూసి అదిరిపడ్డాను. ప్రమాదం వస్తే మెషీన్ ఎలా ఆపాలో చెప్పే పేజీ అది. బిల్డ్‌లో భాష మారిపోయి, మొత్తం కన్నడంలో ఉంది.

"అక్కా, ఇది తెలుగు కాదు!"

ఆవిడ మౌస్ మీంచి మెల్లగా చెయ్యి తీసింది.

"బళ్ళో సదివిందంతా అరవమే కదా తమ్ముడూ. తెలుగు అక్షరాలు నాకు యాడ వస్తాయి? నేను మాట్లాడితే ఫోనే రాసిపెడతాది."

ఇన్నాళ్ళూ నేను చదివిన ప్రతి మాటా ఆవిడదే. ఒక్కటీ ఆవిడ చదవలేదు.

భాష సరిచేసి మళ్ళీ బిల్డ్ చేసింది. కళ్ళు మూసుకుంది.

"ఊఁ, సదువు."