రక్షణలోకి వచ్చిన గోడ

తోట్లవల్లూరు నుంచి బందరుకోటకు కోడలిగా వచ్చిన రోజున కృపావతి ఆ గోడకు తల ఆనించి ఏడ్చింది. ఇటుకలు చల్లగా ఉన్నాయి, లోపలెక్కడో సముద్రం నిద్రపోతున్నట్టు. ఆ ఇంటికి మిగిలిన మూడు వైపులా తడికెలు. నాలుగో వైపు ఎప్పటిదో కోట గోడ. తర్వాత తడికెల చోట ఇటుక గోడలు లేచాయి. నాలుగోది కట్టే పని పడలేదు.

భర్త రత్నరాజు పోయాక ఆమె ఆ గోడకే వీపు ఆనించి, చిలకలపూడి నుంచి తెచ్చుకున్న రోల్డుగోల్డు గొలుసులకు కొక్కేలు వేసి బతికింది. ప్రతి క్రిస్మస్‌కీ దానికి సున్నం వేసి, నీలిమందుతో నక్షత్రం గీసేది.

మొన్నామధ్య గోడకు వీధి వైపున బోర్డు పాతారు. 'రక్షిత కట్టడం.'

కృపావతి కూడబలుక్కుని చదివింది. రక్షణ అనే మాట ఆమెకు చర్చిలో తప్ప మరెక్కడా ఎదురుపడలేదు.

"ఝాన్సీ, మా ఇల్లు రక్షణలోకొచ్చిందే," అంది పక్కింటి అమ్మాయితో. "ఇంక ఉప్పెనొచ్చినా కదలదు."

"గోడకి బాప్తిస్మం ఎప్పుడిప్పించావు పిన్నీ?"

"ఏటా సున్నం పోస్తన్నాగా."

ఆదివారం చర్చిలో సాక్ష్యం కూడా చెప్పింది. అందరూ ఆమెన్ అన్నారు.

పురావస్తు శాఖ నుంచి కొలతలకు వచ్చిన యుగంధర్‌కు కుర్చీ వేసి టీ ఇచ్చింది. అతను గ్లాసు కింద పెట్టి, తల ఎత్తకుండా చెప్పాడు.

"రక్షితమంటే కోట గోడ ఒక్కటేనండీ. దానికి ఆనుకుని ఉన్నవి తీసెయ్యాలి. మీకు వేరే చోట స్థలం ఇస్తారు."

"ఆనుకుని ఉన్నవంటే?"

"మీ ఇల్లండీ."

ఆమె చేతిలో గొలుసు ఉంది. రెండు కొసలూ దగ్గరకు తెచ్చింది. కలపడం మర్చిపోయింది. కట్టుకున్న మూడు గోడలూ పోతాయట. కట్టనిది ఉంటుందట.

"ఆ సున్నం?" అంది చివరికి.

"గీకేస్తారండీ. పాత ఇటుక కనపడాలి కదా."

మూడు గోడలూ ఒక్క పూటలో నేలకు ఒరిగాయి. నాలుగోది ఎండలో నిలబడింది, ఒంటి మీద ఇంకా గీకని నీలి నక్షత్రంతో, ఊరందరికీ కనిపిస్తూ.

ఆ ఆదివారం చర్చిలో ఝాన్సీ జరిగి చోటిచ్చింది. కృపావతి కూర్చుంది గాని, వీపు దేనికీ ఆనించలేదు. పాస్టరుగారు రక్షణ అనగానే ఉలిక్కిపడి ఝాన్సీ చెవి దగ్గరకు వంగింది.

"ఈసారి దేనికంట?"